బ్యాంకు రికార్డు గది నుంచి ఇంటి ఫ్రిజ్ దాకా: చనుబాలు తీసి దాచిన నా అనుభవం

ప్రసూతి సెలవు ముగిసి ఉద్యోగంలో తిరిగి చేరేనాటికి మా పాపకు ఐదో నెల నడుస్తోంది. నెలలు నిండే రోజుల్లో డాక్టరుగారు ప్రయాణాలు వద్దనడంతో, ఆరు నెలల సెలవులో కొంత భాగం కాన్పుకు ముందే ఖర్చయిపోయింది. ఆరు నెలలు నిండేవరకూ బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని, ఆ తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా పిల్లల డాక్టరుగారిదీ అదే మాట. అయితే నేను పనిచేసే బ్యాంకు శాఖ నరసరావుపేటలో, మా ఇల్లు గుంటూరులో. ఉదయం ఎనిమిదింటికి బయలుదేరితే బస్సు దిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడవుతుంది. ఆ పదకొండు గంటలూ పాప ఏం తాగాలి, అవి నేను ఎక్కడ, ఏ వేళకు తీయాలి, తీసినవి పల్నాడు ఎండల్లో చెడకుండా ఇల్లు ఎలా చేరాలి అన్నది తేలితే తప్ప ఉద్యోగంలో చేరే వీలు లేదు. డబ్బా పాలు అలవాటు చేయమని చెప్పినవారు చాలామందే ఉన్నారు. అవసరమైతే అదీ చేద్దామనే అనుకున్నాను, అందులో నామోషీ ఏమీ లేదు. ముందు మాత్రం ఈ దారి చూడాలనుకున్నాను.

నాకు కలిసివచ్చిన విషయం ఒకటుంది. మా అత్తగారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యారు. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఊళ్లు తిరిగిన మనిషి. చనుబాలు తీసే పంపులు ఆవిడకు కొత్తే కాని, చెడిపోయే వస్తువును చల్లదనం తగ్గకుండా ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం ఆవిడ ఉద్యోగ జీవితమంతా చేసిన పని. పాలు తీయడమంటే అందరూ పంపు గురించే మాట్లాడతారు. నా మటుకు పంపు పని సగమే. మిగతా సగం చల్లదనం, వేళ. ఆ సగాన్ని ఇంటి దగ్గర పట్టించుకునే మనిషి లేకపోతే ఎంత ఖరీదైన పంపు కొన్నా ప్రయోజనం తక్కువే.

ఎంత పాలు కావాలన్న లెక్కతో మొదలుపెట్టాము. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలు రోజుకు సగటున 750 మిల్లీలీటర్లు తాగుతారని, ఆ కాలంలో వయసు పెరిగినా ఈ కొలత పెద్దగా పెరగదని డాక్టరుగారు చెప్పారు. ఉజ్జాయింపుగా తల్లి దూరంగా ఉన్న ఒక్కో గంటకు 30 మిల్లీలీటర్లు లెక్కవేసుకుంటే సరిపోతుంది. ఆ లెక్కన నాకు 330 కావాలి. ఈ సంఖ్య తెలియడం వల్ల నాకు చాలా మేలు జరిగింది. ఫ్రీజరు నిండా పాల సంచులు పేర్చి ఫోటోలు తీసుకునేవారిని చూసి కంగారు పడకుండా, రేపటికి ఎంత కావాలో అంతే తీయడం మీద దృష్టి పెట్టగలిగాను.

ఉద్యోగంలో చేరడానికి కొన్ని వారాల ముందు నుంచి తెల్లవారుజామున సాధన మొదలుపెట్టాను. పాల ఉత్పత్తికి కారణమైన ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ సమయంలో రొమ్ములు నిండుగా ఉంటాయి. పాప ఒక వైపు తాగుతుంటే రెండో వైపు పంపు ఆనించేదాన్ని. మొదటి రోజుల్లో సీసా అడుగు తడిసేంత మాత్రమే వచ్చేవి. బిడ్డ నోటితో లాగినంత బాగా పంపు లాగదు. పంపులో వచ్చిన కొలతను బట్టి తల్లికి పాలు తక్కువని నిర్ణయించడం సరికాదు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు ఊరుతాయి, నిండి నిలవ ఉంటే ఊరడం తగ్గుతుంది. రోజూ అదే వేళకు తీస్తూ ఉండగా శరీరం ఆ వేళను పట్టుకుంది, సీసాలో గీత మెల్లగా పైకి వచ్చింది.

పంపుతో పాటు వచ్చిన గరాటు నాకు సరిపోలేదు. రొమ్ముకు ఆనించే ఆ గరాటు సొరంగం 24 మిల్లీమీటర్లది. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని వలయం కూడా లోపలికి లాగబడి, తీసిన తరువాత గంటసేపు మంట పెట్టేది. ఆస్పత్రిలో పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే నర్సు చనుమొన అడుగు వెడల్పును స్కేలుతో కొలిచి 21 మిల్లీమీటర్లది తెప్పించుకోమన్నారు. మార్చగానే మంట పోయింది, పాలు కూడా ఎక్కువ వచ్చాయి. పంపు ధర గురించి వెయ్యి ప్రశ్నలు వేసేవారు ఈ కొలత సంగతి ఎందుకు అడగరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చేత్తో పిండడం కూడా ఆవిడే నేర్పారు. బొటనవేలు పైన, చూపుడు, మధ్య వేళ్లు కింద ఉండేలా వలయానికి కాస్త వెనక పట్టుకుని, ముందు ఛాతీ వైపు నొక్కి, తరువాత వేళ్లను దగ్గరకు తేవాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు. పంపు ఆపిన తరువాత ఇలా రెండు నిమిషాలు పిండితే, అయిపోయాయనుకున్న తరువాత కూడా చిక్కటి పాలు వచ్చేవి. విద్యుత్తు లేనప్పుడూ, బస్సు ఆలస్యమైనప్పుడూ నన్ను కాపాడినది ఈ విద్యే.

ఆఫీసులో చోటు దొరకడం ఇంకో ఘట్టం. అప్పటికి అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోని 11వ సెక్షన్, బిడ్డకు 15 నెలలు నిండేవరకూ మామూలు విరామానికి అదనంగా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని చెప్పేది. 2017 సవరణ 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నది కాని, మా వంటి చిన్న శాఖకు అది వర్తించలేదు. మేనేజరుగారితో మాట్లాడటానికి వెళ్లినప్పుడు చట్టం సంగతి ఎత్తలేదు. రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాల చొప్పున తలుపు మూసుకునే గది కావాలని, ఏ వేళకు వెళితే కౌంటరు దగ్గర ఇబ్బంది ఉండదో నేనే చూసుకుంటానని చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి రికార్డు గది చూపించారు. దానికి లోపలి గడియ లేదు. మర్నాటికి వడ్రంగిని పిలిపించి గడియ పెట్టించారు. ఏం చెప్పాలో తెలియక ఇబ్బంది పడే మగవారు కూడా, కావలసినది ఇదీ అని సూటిగా చెబితే చాలావరకు సహకరిస్తారని నా నమ్మకం.

ఆ గదిలో పాత ఓచర్ల కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. ఒక ప్లాస్టిక్ స్టూలు, ఒక ప్లగ్గు పాయింటు, టేబుల్ ఫ్యాను నా సామ్రాజ్యం. పదకొండున్నరకు కంప్యూటరులో లాగౌట్ అయి, నా దగ్గరున్న తాళాలు తోటి ఆఫీసరుకు అప్పగించి వెళ్లేదాన్ని. రెండోసారి మూడింటికి. చీరలు కట్టుకోవడం ఇక్కడ ఎంతో సుఖం. ముందు హుక్కులున్న జాకెట్టు, పైన పమిట ఉంటే ప్రత్యేకమైన దుస్తులేమీ అక్కర్లేదు. పంపు మొదట వేగంగా, తేలిగ్గా లాగుతుంది. పాప కూడా చన్ను అందుకోగానే చేసేది అదే. ఆ నిమిషం రెండు నిమిషాలూ సీసాలోకి చుక్క రాదు. తరువాత రొమ్ములో సన్నగా సూదులు గుచ్చినట్లు, బరువు దిగుతున్నట్లు ఉండి, పాలు చేపుతాయి. అప్పుడు మీట నొక్కితే పంపు నెమ్మదిగా, గట్టిగా లాగడం మొదలుపెడుతుంది. చుక్కలు కాస్తా సన్నటి ధారలవుతాయి. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కారణం. కంగారు, నొప్పి, చలి దానిని ఆలస్యం చేస్తాయి. బయట ఎవరైనా తలుపు దగ్గర మాట్లాడుతుంటే నాకు ఆ రెండు నిమిషాలు ఆరు నిమిషాలయ్యేవి. ఫోనులో పాప వీడియో పెట్టుకుని, సీసా మీద చేతిరుమాలు కప్పేసి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఎంత వచ్చాయో చూస్తూ కూర్చున్న రోజు తక్కువ వచ్చేవి, పాప నవ్వు చూస్తూ కూర్చున్న రోజు తెలియకుండానే నిండేవి.

పాలు తగిలే భాగాలు రెండు జతలు కొన్నాను. ఆఫీసు వాష్‌బేసిన్‌లో కడగడం ఇష్టంలేక, వాడిన జత మూత ఉన్న డబ్బాలో ఇంటికి తెచ్చి, దానికోసమే ఉంచిన గిన్నెలో సబ్బుతో కడిగి, ఐదు నిమిషాలు మరిగే నీటిలో ఉంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టేవాళ్లం. బిడ్డకు రెండు నెలలు దాటాక రోజూ మరిగించడం అంత తప్పనిసరి కాదట. అత్తగారి ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక చల్లదనం. తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మంచు ప్యాకులున్న మందపాటి పెట్టెలో 24 గంటల వరకూ ఉంచవచ్చు. ఈ అంకెలు డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదివి, "అమ్మాయ్, మన ఇంట్లో 25 డిగ్రీలు ఎప్పుడుంటుంది? సంక్రాంతికి తప్ప" అన్నారు. ఏప్రిల్, మే నెలల్లో మా ప్రాంతంలో 40 దాటడం మామూలే. అందువల్ల గదిలో నాలుగు గంటలన్న నిబంధన మాకు లేనట్లే అనుకుని, సీసా మూత బిగించగానే పెట్టెలో పెట్టాలని నిర్ణయించారు. పాలసీసాల కోసమని అమ్మే అందమైన గుడ్డ సంచులు ఆవిడకు నచ్చలేదు. టీకాల పెట్టెకు మల్లే గోడలు మందంగా ఉండి మూత బిగుతుగా పట్టే ఒక చిన్న గట్టి పెట్టె కొనిపించారు. నాలుగు వైపులా నాలుగు మంచు ప్యాకులు నిలబెట్టి, మధ్యలో సీసాలు పెట్టాలి. టీకాల విషయంలో ఫ్రీజరు నుంచి తీసిన ప్యాకును వెంటనే పెట్టకూడదట. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి, లేకపోతే గడ్డకట్టి పాడయ్యే టీకాలుంటాయి. పాలు గడ్డకట్టినా పాడవవు కాబట్టి ప్యాకులను గట్టిగా ఉన్నప్పుడే పెట్టమన్నారు. పెట్టెలో చిన్న థర్మామీటరు కూడా ఉండేది. సాయంత్రం నేను చేతులు కడుక్కుని పాపను ఎత్తుకునేలోపే ఆవిడ మూత తీసి ఆ ముల్లు చూసేవారు.

బస్సులో ఆ పెట్టెను ఒడిలోనే పెట్టుకునేదాన్ని. సీటు కింద ఇంజను వేడి, కిటికీ పక్కన ఎండ. ఒకరోజు పక్కన కూర్చున్న పెద్దావిడ అందులో ఏముందని అడిగింది. పాపకు పాలని చెబితే, కాసేపు ఊరుకుని, "మా రోజుల్లో పొలం గట్టు మీద ఉయ్యాల కట్టి, కలుపు మధ్యలో వచ్చి ఇచ్చేవాళ్లం తల్లీ" అంది. పనికి వెళ్లే తల్లులకు బిడ్డను వెంట తీసుకువెళ్లే వీలు పోయాకే ఈ పెట్టెలన్నీ వచ్చాయని నాకు అప్పుడు తోచింది.

ఇంటి ఫ్రిజ్ మీద కూడా అత్తగారి తనిఖీ జరిగింది. థర్మామీటరు ఒక్కో చోట ఉంచి చూస్తే, తలుపు అరల్లో పది డిగ్రీలు దాటింది, పై అర వెనక భాగంలో నాలుగు ఉంది. మేము పాల ప్యాకెట్లు పెట్టేది తలుపులోనే! చనుబాల సీసాలకు పై అర వెనక భాగం కేటాయించి, పచ్చళ్ల జాడీలను కిందికి దింపారు. ప్రతి సీసాకు తెల్ల టేపు అంటించి తేదీ, వేళ రాసేవారు. ముందు వచ్చినది ముందు వాడాలి. అప్పుడే తీసిన వెచ్చటి పాలను చల్లటి పాలలో కలపకూడదు, విడిగా చల్లబరచి తరువాత కలపాలి. నిన్న ఆఫీసులో తీసినవి ఈరోజు పాపకు. శుక్రవారం, శనివారం తీసినవి, ఆదివారం తెల్లవారుజామున తీసినవి సోమవారానికి. నాలుగు రోజుల గడువు లోపే అన్నీ అయిపోయేవి. ఫ్రీజరులో మాత్రం బస్సు సమ్మెకో, నాకు జ్వరానికో పనికివచ్చేలా కొద్దిపాటి నిలవ ఉంచాము. విడి తలుపు ఉన్న ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆరు నెలల వరకూ ఉంచవచ్చు. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే మంచు అరను రెండు వారాలకు మించి నమ్మవద్దని డాక్టరుగారు చెప్పారు.

మా పాప సీసా పట్టలేదు. రకరకాల పీకలు కొని చూసి విసిగిపోయిన తరువాత, మా అమ్మ పురుడప్పుడు తెచ్చిన ఉగ్గుగిన్నె బయటకు వచ్చింది. ఆస్పత్రుల్లో నెలలు తక్కువ పుట్టిన బిడ్డలకు కూడా ఇలాంటి ముక్కు ఉన్న గిన్నెతోనే పాలు పడతారు. అత్తగారు పాపను ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని, మెడకింద చేయి ఆనించి, గిన్నె ముక్కును కింది పెదవి మీద మెల్లగా ఉంచేవారు. పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచాలి, నోట్లో పోయకూడదు. పాప నాలుక బయటికి చాచి, కొంచెం కొంచెంగా చప్పరించి మింగి, ఊపిరి తీసుకుని మళ్లీ నోరు తెరిచేది. వంద మిల్లీలీటర్లకు అరగంట పట్టేది, మొదట్లో సగం పాలు గుడ్డకే తాగించినట్లయ్యేది. పది రూపాయల నాణెమంత మరక పడినా నాకు ప్రాణం విలవిలలాడేది, ఎందుకంటే దాని వెనక నా రికార్డు గది నిమిషాలున్నాయి. వారం తిరిగేసరికి ఒక్క చుక్క కిందపడకుండా తాగడం నేర్చింది.

వెచ్చబెట్టడానికి పొయ్యి అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు. మైక్రోవేవ్‌లో పెడితే పాలు ఒకచోట చల్లగా, ఒకచోట నాలుక కాలేంత వేడిగా ఉంటాయి కాబట్టి అది నిషిద్ధం. నిలవ ఉన్న పాలలో కొవ్వు పైకి తేలి పలచటి మీగడలా కనిపిస్తుంది, అది చెడిపోవడం కాదు, సీసాను మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పాప తాగగా మిగిలినవి రెండు గంటల లోపు పట్టాలి, లేదా పారబోయాలి. ఫ్రీజరు నుంచి తీసి ఫ్రిజ్‌లో కరగబెట్టినవి 24 గంటల లోపు వాడాలి, కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకూడదు. పారబోయాల్సిన పాలను మా అమ్మమ్మ సింకులో పోయనివ్వలేదు. ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయాలంది. పెరటిలోని మందార మొక్క ఆ ఏడాది విరగబూసింది, కారణం అమ్మమ్మకు తెలుసు.

ఫ్రీజరు పాలతో ఒక చిక్కు వచ్చింది. కరిగిన పాలను పాప నోట పెట్టగానే మొహం తిప్పేసింది. వాసన చూస్తే సబ్బు వాసన. లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విడగొట్టడం వల్ల ఇలా అవుతుందని, పాలు చెడినట్లు కాదని, అయినా కొందరు బిడ్డలు తాగరని డాక్టరుగారు చెప్పారు. తీసిన వెంటనే గిన్నెలో పోసి సన్నటి సెగ మీద పెట్టి, అంచుల వెంట చిన్న బుడగలు రాగానే, పొంగకముందే దించి, చల్లటి నీళ్లలో ఉంచి, తరువాత ఫ్రీజరులో పెట్టమన్నారు. చనుబాలు పొయ్యి ఎక్కితే తల్లికి పాలు ఎండిపోతాయని అమ్మమ్మ అడ్డుపడింది. అత్తగారు ఆవిడతో వాదించకుండా, అమ్మమ్మ పూజలో ఉన్న సమయంలో పని పూర్తిచేసేవారు. అయితే కాచడం వల్ల పాలలోని రక్షక గుణాలు కొంత తగ్గుతాయి. అందుకే రోజువారీ పాలు ఫ్రిజ్ దాటకుండా చూసుకుని, కాచడం ఫ్రీజరు నిలవకే పరిమితం చేశాము. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఫ్రీజరు తలుపు తెరవకూడదన్నది ఇంట్లో అందరికీ ఆజ్ఞ. కరెంటు వచ్చాక చూసి, పాలలో ఇంకా మంచు పలుకులుంటే అలాగే ఉంచేవాళ్లం, పూర్తిగా కరిగితే కింది అరలోకి దించి మర్నాటిలోగా వాడేవాళ్లం.

ఒక వారం హఠాత్తుగా పాలు సగానికి తగ్గాయి. ఇంట్లో అందరూ తలో మాట అన్నారు. అమ్మమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని దిష్టి తీసింది. అత్తగారు తెలగపిండి, మునగాకు కలిపి కూర వండారు, బొప్పాయి కాయ తెప్పించారు. ఇవన్నీ జరుగుతుండగా మావారు పంపు విప్పి, దాని కింద ఉండే చిన్న సిలికాన్ వాల్వును వెలుతురులో పెట్టి చూశారు. వేలిగోరంత కూడా లేని చీలిక. అది చీలితే గాలి పీల్చడం తగ్గుతుంది, శబ్దం మాత్రం మామూలుగానే వస్తుంది. కొత్తది వేయగానే గీత పాత చోటికి చేరింది. ఆ ఘనత ఎవరికి వారే తీసుకున్నారు. తెలగపిండి మునగాకు కూర వల్ల పాలు పెరుగుతాయో లేదో నేను చెప్పలేను కాని, దాని రుచి విషయంలో సందేహం లేదు. ఆ తరువాత నుంచి విడి వాల్వులు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకున్నాను.

మార్చి ముగింపు రోజుల్లో బ్యాంకులో ఊపిరి సలపదు. ఒకరోజు మధ్యాహ్నం వేళ తప్పిపోయి సాయంత్రానికి ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ కట్టింది, ముట్టుకుంటే నొప్పి. వేడి కాపడం పెట్టి గట్టిగా మర్దన చేయడం పాత పద్ధతి. ఇప్పుడు గట్టిగా పిసకవద్దని, చల్లటి గుడ్డ వేయమని, అదేపనిగా పంపు పెట్టి అతిగా తీయకుండా మామూలుగా బిడ్డకు పట్టమని చెబుతున్నారు. జ్వరం వచ్చినా, ఎర్రబారినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రమ్మన్నారు. ఆ అవసరం రాకుండానే రెండో రోజుకు మెత్తబడింది. ఆ తరువాత మూడు గంటలవగానే నాకంటే ముందు మా అటెండరమ్మ వచ్చి గుర్తుచేసేది.

నేను పాలు తీసి దాచే సంగతి తెలిసి, మా వీధి చివర ఇంట్లో కొత్తగా బాలింతైన అమ్మాయి తరఫు వాళ్లు, తనకు పాలు చాలడం లేదని, మా ఫ్రిజ్‌లోవి కొన్ని ఇవ్వగలరా అని అడిగారు. కాదనడం కష్టంగా అనిపించింది. అత్తగారు మాత్రం ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని, హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటివి ఉంటే పరీక్ష చేయకుండా తెలియదని, ఒకరి పాలు మరొకరి బిడ్డకు నేరుగా ఇవ్వడం మంచిది కాదని చెప్పి, పాలు పట్టే తీరు సరిచేయించుకోవడానికి నర్సు దగ్గరకు తీసుకువెళ్లారు. తల్లిపాల బ్యాంకులు ఈ పనిని పద్ధతిగా చేస్తాయి. దాతకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వద్ద అరగంట ఉంచి, మళ్లీ పరీక్షించి ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఇస్తారు. ముంబయిలోని సయన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో మొదలుపెట్టినది ఆసియాలోనే మొదటిది. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి పేరుతో ఒకటి ఉంది. చనుబాలను అమ్ముకోవడానికి మాత్రం అనుమతి లేదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 మే నెలలో స్పష్టం చేసింది.

ఆరు నెలలు దాటి ఉగ్గు, పప్పన్నం మొదలయ్యాక పాప పగటిపూట తాగే పాలు మెల్లగా తగ్గాయి. రాత్రిళ్లు మాత్రం నేను పక్కన ఉంటే పగటి బాకీ అంతా వసూలు చేసుకునేది, నాకు నిద్ర కరువయ్యేది. ఏడాది నిండే ముందు ఆఫీసులో తీయడం ఆపాలనుకున్నాను. ఒక్కసారిగా ఆపితే మళ్లీ గడ్డలు కడతాయి. ముందు మూడు గంటల వేళను రోజూ కొన్ని నిమిషాలు తగ్గిస్తూ వచ్చి మానేసి, శరీరం సర్దుకున్నాక పదకొండున్నర వేళను కూడా అలాగే మానేశాను. పొద్దున, రాత్రి పాప దగ్గర తాగడం కొనసాగింది. ఈలోగా మా శాఖలోనే ఇంకో ఉద్యోగిని ప్రసూతి సెలవుకు వెళుతూ నా పంపు ఇవ్వమని అడిగింది. ఒకరు వాడటానికి తయారుచేసిన పంపు లోపలి భాగాలకు పాల తడి చేరితే శుభ్రం చేసే వీలుండదు కాబట్టి అది కొత్తది కొనుక్కోమని, ముందు చనుమొన కొలత తీయించుకోమని చెప్పాను. మంచు పెట్టె, థర్మామీటరు మాత్రం ఇచ్చాను. రికార్డు గదిలో ప్లగ్గు కాస్త వదులుగా ఉంటుంది, పిన్ను కొంచెం ఎడమ వైపు నొక్కి పట్టాలని కూడా చెప్పాను.